రోజుకు 30 ప్యాక్‌ల నుంచి 300కు: విద్యుత్ వాహనాల బ్యాటరీ లైన్‌ను పెంచే ప్రాసెస్ ఇంజనీర్‌కు మార్గదర్శిని

నెల్లూరు, కావలి, ఒంగోలు కళాశాలల నుంచి మెకానికల్, ఎలక్ట్రికల్ పట్టాలతోనో డిప్లొమాలతోనో బయటికి వచ్చినవారిలో చాలామంది జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి, అంటే శ్రీసిటీకో, చెన్నై చుట్టుపక్కల వాహన కర్మాగారాలకో, ఇంకా దూరంగా హోసూరుకో వెళ్లి ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారు. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగమైన కృష్ణపట్నం నోడ్‌కు 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది కనుక, అటువంటి ఉద్యోగాలు మన జిల్లాల్లోనే దొరికే రోజు రావాలని కోరుకోవడం అత్యాశ కాదు. ఆ రోజుకు సిద్ధంగా ఉండదలచిన యువ ఇంజనీర్ల కోసం, ముఖ్యంగా విద్యుత్ స్కూటర్ల బ్యాటరీ ప్యాక్ తయారీలో ప్రాసెస్ ఇంజనీర్‌గా చేరబోయేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

వస్తువు ఎలా ఉండాలో డిజైన్ ఇంజనీర్ నిర్ణయిస్తారు. దాన్ని ప్రతిసారీ అలాగే తయారుచేసే పద్ధతిని ప్రాసెస్ ఇంజనీర్ నిర్ణయిస్తారు. రోజుకు 30 ప్యాక్‌లు చేసే దశలో ఆ పద్ధతి ఇద్దరు ముగ్గురు నేర్పరుల చేతుల్లో ఉంటుంది. ఏ స్క్రూ కాస్త మొండికేస్తుందో, ఏ ఫిక్స్చర్‌ను (భాగాలను కదలకుండా పట్టి ఉంచే అమరికను) ఎటు అదిమి పట్టుకోవాలో వారికే తెలుసు. రోజుకు 300 చేయవలసి వచ్చినప్పుడు, నిన్నగాక మొన్న చేరినవారు కూడా తప్పకుండా పాటించగలిగేలా ఆ తెలివిని కొలతగా, ఫిక్స్చర్‌గా, రాతగా మార్చడమే ఈ ఉద్యోగానికి ప్రాణం.

ముందుగా కాగితం మీద లెక్క

యంత్రాలకు ఆర్డర్ పెట్టకముందే టాక్ట్ టైమ్, అంటే ఎంత సేపటికి ఒక ప్యాక్ చొప్పున లైన్ నుంచి బయటికి రావాలో లెక్క కట్టాలి. రెండు షిఫ్ట్‌లు నడిపి, భోజనం, టీ విరామాలు తీసేసి ఒక్కో షిఫ్ట్‌కు 450 నిమిషాల పని సమయం మిగిలితే రోజుకు 900 నిమిషాలు, అంటే 54,000 సెకన్లు. దాన్ని 300తో భాగిస్తే 180 సెకన్లు వస్తుంది. అయితే లైన్ రోజంతా ఆగకుండా నడవదు. 85 శాతం సమయమే నికరంగా నడుస్తుందని అనుకుంటే, ఏ స్టేషన్‌లోనైనా పని 153 సెకన్లలోపు ముగియాలి. కొత్తగా చేరినవారు తరచుగా 180 దగ్గరే ఆగిపోయి లైన్‌ను రూపొందిస్తారు. ఆ 27 సెకన్ల తేడా వల్ల నెలాఖరులో ఆదివారాలు కూడా పని చేయవలసి వస్తుంది.

రెండో లెక్క దిగుబడిది. లైన్‌లో 20 స్టేషన్లు ఉండి, ఒక్కో స్టేషన్‌లో నూటికి 99 మంచివి వస్తున్నాయంటే వినడానికి బాగానే ఉంటుంది. కాని 0.99ను 20 సార్లు గుణిస్తే 0.82 కూడా రాదు. అంటే రోజుకు 300 ప్యాక్‌లలో దాదాపు 55 ఎక్కడో ఒకచోట రీవర్క్‌కు పోతాయి. 30 ప్యాక్‌ల దశలో రోజుకు ఐదారు వస్తే ఒక మూల బల్ల మీద ఒక మంచి టెక్నీషియన్ సరిచేసి పంపేస్తారు. 55 వస్తే ఆ బల్లే ఇంకో కర్మాగారం అవుతుంది. అదే ఒక్కో స్టేషన్ వెయ్యికి 999 మంచివి ఇస్తే రోజుకు ఆరు ప్యాక్‌లు మాత్రమే వెనక్కి వస్తాయి. అందుకే వేగం గురించి ఆలోచించే ముందు ఒక్కో స్టేషన్‌లో మొదటిసారే సరిగ్గా వచ్చే శాతాన్ని విడివిడిగా రాసుకోవాలి. లైన్ చివర ఒకే ఒక్క సంఖ్య చూసి సంతృప్తి పడితే ఏ స్టేషన్ కుంటుతోందో ఎన్నటికీ తెలియదు.

వెల్డ్ దగ్గర ఎక్కువ కాలం గడపండి

మూడు కిలోవాట్ అవర్ల స్కూటర్ ప్యాక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 21700 సైజు సెల్‌లు, ఒక్కొక్కటి 3.6 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు. ఒక్కో వరుసలో 12 సెల్‌లను సమాంతరంగా కలిపి, అటువంటి 14 వరుసలను ఒకదాని తరువాత ఒకటిగా (సిరీస్‌లో) కలిపితే మొత్తం 168 సెల్‌లు. సెల్‌కు రెండు వెల్డ్‌లు వేసుకున్నా ప్యాక్‌కు 336. రోజుకు 300 ప్యాక్‌లంటే లక్షా 800 వెల్డ్‌లు. పదివేలకు ఒక్కటి చెడినా రోజుకు పది చెడ్డ వెల్డ్‌లు, అవి దాదాపు పది వేర్వేరు ప్యాక్‌లలో ఉంటాయి. వెయ్యికి ఒకటి చెడితే నూటికి 28 ప్యాక్‌లలో కనీసం ఒక చెడ్డ వెల్డ్ ఉంటుంది.

ఇందులో అసలు ప్రమాదం మరొకటి ఉంది. 12 సెల్‌లు సమాంతరంగా ఉన్న వరుసలో ఒక సెల్ వెల్డ్ ఊడిపోయినా ఆ వరుస వోల్టేజీలో మార్పు కనబడదు, ఎందుకంటే మిగిలిన 11 సెల్‌లు అదే వోల్టేజీని చూపిస్తూనే ఉంటాయి. సామర్థ్యం మాత్రం పన్నెండో వంతు, అంటే సుమారు 8 శాతం తగ్గుతుంది. పూర్తి చార్జి-డిశ్చార్జి పరీక్ష చేస్తే అది బయటపడవచ్చు. కాని లోహం కరిగి కలవకుండా కేవలం తాకి ఉన్న వెల్డ్ ఆ పరీక్షను కూడా దాటిపోతుంది. కొన్ని నెలలు గతుకుల రోడ్ల మీద తిరిగాక ఊడుతుంది. అప్పుడు మిగిలిన 11 సెల్‌లు ఎక్కువ భారం మోసి త్వరగా అరిగిపోతాయి. కాబట్టి వెల్డ్ మంచిదో చెడ్డదో వెల్డ్ పడిన చోటే తేల్చుకోవాలి, చివరి పరీక్ష పట్టుకుంటుందిలే అని ధీమాగా ఉండకూడదు.

లేజర్ వెల్డింగ్‌లో ముందుగా చూడవలసింది సెల్‌లను కలిపే లోహపు పట్టీకి, సెల్ తలకు మధ్య ఖాళీ. ఫిక్స్చర్‌లోని స్ప్రింగ్ వేళ్లు పట్టీని సెల్ మీద సమానంగా అదమాలి. ఆ వేళ్లు అరిగే కొద్దీ ఒత్తిడి తగ్గి ఖాళీ పెరుగుతుంది, ఖాళీ ఉన్నచోట లేజర్ పట్టీని కాలుస్తుందే తప్ప సెల్‌తో కలపదు. 30 ప్యాక్‌ల దశలో ఆర్నెల్లకు కనిపించే అరుగుదల 300 ప్యాక్‌ల దశలో మూడు వారాలలోపే కనిపిస్తుంది. అందుచేత మెయింటెనెన్స్ పట్టికలో "నెలకొకసారి" అని రాయకుండా "ఇన్ని వేల వెల్డ్‌లకు ఒకసారి" అని రాయాలి. లేజర్ తల ముందున్న రక్షణ గాజు సంగతీ ఇంతే. వెల్డ్ నుంచి ఎగసిన తుంపరలు దాని మీద పేరుకుంటూ ఉంటే పని జరిగే చోటికి చేరే శక్తి నెమ్మదిగా తగ్గుతుంది. తెర మీద సెట్టింగ్ ఉదయం ఎంత ఉందో సాయంత్రమూ అంతే కనిపిస్తుంది. షిఫ్ట్ మొదట్లో పవర్ మీటర్‌తో అసలు శక్తిని కొలిచి నమోదు చేయించండి.

షిఫ్ట్‌కు కొన్ని నమూనా వెల్డ్‌లను పీకి చూడడం తప్పనిసరి. అప్పుడు ఎంత బలానికి ఊడింది అన్న సంఖ్యతో పాటు ఎలా ఊడింది అన్నది కూడా చూడాలి. మంచి వెల్డ్‌ను పీకితే పట్టీ చిరిగి, సెల్ మీద గుండీలాంటి లోహపు ముక్క అంటుకుని మిగులుతుంది. చెడ్డ వెల్డ్ నున్నగా విడిపోతుంది, ఆ చోట కాలిన మచ్చ మాత్రమే ఉంటుంది. బలం అంకె హద్దులోనే ఉన్నా నున్నగా విడిపోయిందంటే లైన్ ఆపవలసిందేనని నా అభిప్రాయం. ఆ నమూనాలను తేదీ, షిఫ్ట్ రాసి ఒక అట్టకు అంటించి స్టేషన్ దగ్గరే వేలాడదీస్తే, కొత్త ఆపరేటర్‌కు పది పేజీల సూచనల కన్నా అదే బాగా నేర్పుతుంది.

ఈ కొలతలన్నిటి కంటే ముందు కొలిచే సాధనాన్నే పరీక్షించుకోవాలి. ఒకే ముక్కను ముగ్గురు ఆపరేటర్లు పలుమార్లు కొలిచినప్పుడు వచ్చే తేడా మొత్తం తేడాలో 10 శాతం లోపు ఉంటే సాధనం మంచిది; 30 శాతం దాటితే దానితో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఆ తరువాతే సీపీకే, అంటే ప్రాసెస్ తన హద్దుల్లో ఎంత నిలకడగా ఉందో చెప్పే సూచిక, లెక్కకు అర్థం ఉంటుంది. సాధారణ కొలతలకు 1.33, భద్రతకు సంబంధించినవాటికి 1.67 పరిశ్రమలో వాడుకలో ఉన్న హద్దులు.

మన ఎండ, మన తేమ

చల్లని దేశంలో రాసిన ప్రాసెస్ షీట్‌ను యథాతథంగా నెల్లూరుకు తెచ్చి పెడితే మే నెలలో దానికి అర్థం మారిపోతుంది. ఈ భాగాన్ని పాఠకులు శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను, ఎందుకంటే యంత్రాలు అమ్మినవారు ఇది చెప్పరు.

సెల్‌ల నిల్వతో మొదలుపెట్టండి. ఎండలో నిలబడిన కంటైనర్ నుంచి దించిన సెల్‌ల అంతర్గత నిరోధాన్ని వెంటనే కొలిస్తే తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వేడి పెరిగితే ఆ నిరోధం తగ్గుతుంది. నిరోధం, వోల్టేజీ ఆధారంగా సెల్‌లను జట్లుగా విడదీసేటప్పుడు అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో లేకపోతే ఆ విభజన వృథా. కనీసం ఒక రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, పెట్టె మధ్యలోని సెల్ కూడా గది వేడికి వచ్చిందని చూసుకున్నాకే కొలవాలి. దీనికి విలోమమైన చిక్కు ఈశాన్య రుతుపవనాల కాలంలో వస్తుంది. 33 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలికి మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 29 డిగ్రీలు. 24 డిగ్రీల గదిలోని సెల్‌ను ఆ గాలిలోకి తెస్తే దాని మీద చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ మీద వెల్డ్ వేస్తే లోపల బుడగలు ఏర్పడతాయి. సముద్రపు ఉప్పు గాలి కూడా తోడైతే టెర్మినళ్ల మీద తుప్పు మొదలవుతుంది. గిడ్డంగి నుంచి లైన్ దాకా ఒకే వాతావరణం ఉండేలా లేఅవుట్ వేయించడం ప్రాసెస్ ఇంజనీర్ బాధ్యత, దాన్ని సివిల్ విభాగానికి వదిలేయకూడదు.

సెల్‌లను చల్లబరిచే ప్లేటుకు అతికించే రెండు భాగాల పేస్టు విషయం తీసుకోండి. కలిపిన తరువాత అది ఎంతసేపు పనికి వస్తుందో డబ్బా మీద 25 డిగ్రీలకు రాసి ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. 30 నిమిషాలు నిలిచే పేస్టు 35 డిగ్రీల దగ్గర పావుగంటకే చిక్కబడుతుంది. టీ విరామంలో లైన్ ఆగితే పేస్టు యంత్రం ముక్కులోనే గట్టిపడి, తరువాతి ప్యాక్‌కు తక్కువ పడుతుంది. "సార్, మధ్యాహ్నం పూట ఈ పేస్టు బిరీన బిగిసిపోతా ఉండాది" అని ఆ స్టేషన్‌లోని ఆపరేటర్ చెబితే, అది ఫిర్యాదు అనుకోకుండా కొలతగా తీసుకుని, "ఎన్ని గంటల నుంచి ఇట్లా అవుతా ఉందమ్మా?" అని అడిగి, ఆ గంట నుంచే తూకాలు వేయించి చూడాలి. ఇన్ని నిమిషాలు దాటి ఆగితే ముక్కులోని పేస్టును బయటికి వదిలేసి, ఒక షాట్ (ఒక్కసారికి పడే పేస్టు) తూచి, బరువు సరిపోతేనే మళ్లీ మొదలుపెట్టేలా యంత్రంలోనే ఏర్పాటు చేయించండి.

ఇక లీక్ టెస్ట్. ఐపీ67 అంటే ప్యాక్‌ను ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి నీరు చేరకూడదు. వానాకాలంలో మోకాలి లోతు నీటిలో బండి నడిపే ఊళ్లకు ఇది అలంకారం కాదు. లైన్‌లో ప్రతి ప్యాక్‌నూ నీటిలో ముంచలేము కనుక, కొద్ది పీడనంతో గాలి నింపి, ఎంత పీడనం తగ్గుతుందో చూస్తారు. మూసిన పాత్రలోని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే పీడనం సుమారు 340 పాస్కల్స్ పెరుగుతుంది, ఒక్క డిగ్రీ చల్లబడితే అంతే తగ్గుతుంది. పరీక్షలో మనం వెతికే లీకు చాలాసార్లు పదుల పాస్కల్స్‌లో ఉంటుంది. అంటే పరీక్ష జరిగే ఆ కొద్ది క్షణాల్లో లోపలి గాలి డిగ్రీలో పదోవంతు మారినా ఫలితం తారుమారు కావచ్చు. బయటి వేడిలో ఉన్న ప్యాక్‌ను చల్లటి గదిలో పరీక్షిస్తే మంచి ప్యాక్ కూడా ఫెయిల్ అవుతుంది. దాని వల్ల డబ్బే పోతుంది. చల్లటి గది నుంచి తెచ్చి, లోడింగ్ తలుపు పక్కన వడగాలిలో పరీక్షిస్తే నిజంగా లీకున్న ప్యాక్ పాసైపోతుంది. దాని వల్ల ప్రాణాలకే ముప్పు రావచ్చు. లీక్ స్టేషన్‌ను తలుపులకు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకు దూరంగా పెట్టాలి, ప్యాక్‌కు గది వేడికి రావడానికి సమయం ఇవ్వాలి, తెలిసిన పరిమాణం గల మాస్టర్ లీక్‌తో షిఫ్ట్ మొదట్లోనూ మధ్యాహ్నం రెండింటికీ యంత్రాన్ని సరిచూడాలి. ఉదయం ఒక్కసారే చూస్తే సరిపోదు.

కరెంటు క్షణకాలం తగ్గినా మాడ్యూల్ (ప్యాక్‌లో భాగమైన సెల్‌ల కూర్పు) సగం వెల్డ్‌తో ఆగిపోతుంది. కంట్రోలర్‌కు యూపీఎస్ పెట్టి, ఎన్నో వెల్డ్ దగ్గర ఆగిందో యంత్రం గుర్తుంచుకునేలా చేయాలి. అలా ఆగిన మాడ్యూల్‌ను పక్కన పెట్టి, నాణ్యతా విభాగం చూశాకే మళ్లీ లైన్‌లోకి ఎక్కించాలి. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోతకు గురై రాకపోకలు ఆగిపోయిన సంగతి మనవారికి గుర్తుండే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సీళ్లు, పేస్టు, ఫ్యూజుల వంటి చిన్న సరుకుకు కొన్ని రోజుల అదనపు నిల్వ ఉంచుకోవాలని స్టోర్స్‌తో మాట్లాడడం కూడా ఈ పనిలో భాగమే.

చివరి పరీక్షే లైన్‌ను ఆపుతుంది

అసెంబ్లీ స్టేషన్లను ఎంత చక్కగా అమర్చినా, లైన్ చివరి చార్జి-డిశ్చార్జి పరీక్షను మరచిపోతే 300 అన్నది కల. ఒక్కో ప్యాక్‌కు మూడు గంటలు పడితే, 900 నిమిషాల్లో ఒక చానల్, అంటే ఒకసారికి ఒక ప్యాక్‌ను పరీక్షించే యంత్రపు స్థానం, ఐదు ప్యాక్‌లనే పరీక్షించగలదు. 300 ప్యాక్‌లకు 60 చానళ్లు కావాలి. 85 శాతం లెక్కన చూస్తే 71. అన్ని చానళ్లు, వాటి వేడిని బయటికి పంపే గాలి ఏర్పాటు, డిశ్చార్జి చేసిన శక్తిని తిరిగి వాడుకునే సదుపాయం, ఇవన్నీ యంత్రాలు కొనే దశలోనే తేలాలి. మూడో షిఫ్ట్‌లో మనుషులు లేకుండా నడిపి చానళ్లు తగ్గించుకుందామన్న ఆలోచన తరచుగా వస్తుంది. లిథియం ప్యాక్‌లు చార్జి అవుతున్న గదిని కాపలా లేకుండా వదలడానికి నేను ఎన్నడూ ఒప్పుకోను. అనుమానం ఉన్న ప్యాక్‌ను వెంటనే బయటికి తరలించే బండి, భవనానికి దూరంగా దాన్ని ఉంచే చోటు, ధారాళంగా నీరు, ఇవి ఉన్నాకే మొదటి చానల్‌కు కరెంటు ఇవ్వాలి.

2022లో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు కాలిపోయిన తరువాత, ఇటువంటి వాహనాల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశలుగా అమలులోకి తెచ్చారు. ప్రాసెస్ ఇంజనీర్‌కు దీని నుంచి నేరుగా వచ్చే పని, ప్రతి ప్యాక్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలగడం: ఏ సెల్‌లు ఏ లాట్‌వి, ఏ వెల్డ్‌కు ఎంత శక్తి వెళ్లింది, ఏ బోల్టుకు ఎంత టార్క్ పడింది. ఇవి క్యూఆర్ కోడ్‌తో ముడిపడి ఉంటే, ఏదైనా లోపం తేలినప్పుడు వెనక్కి పిలవవలసిన ప్యాక్‌లు పదుల్లో ఉంటాయి. లేకపోతే నెలంతా చేసినవన్నీ పిలవాలి.

మనుషులు

ఎఫ్‌ఎంఈఏ పత్రాన్ని, అంటే ఎక్కడ ఏ తప్పు జరగవచ్చో, దాని ఫలితం ఏమిటో ముందుగానే రాసే పత్రాన్ని, ఆఫీసు గదిలో కూర్చుని నింపకండి. స్టేషన్ దగ్గర నిలబడి, అక్కడ పనిచేసేవారినే "ఇక్కడ ఏమేమి తప్పు జరగవచ్చు?" అని అడిగి రాయండి.

మన ప్రాంతపు లైన్లలో పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడవారు ఎక్కువగా పనిచేస్తారు. 14 వరుసల ప్యాక్ పూర్తి చార్జిలో 58.8 వోల్టులు, అంటే ప్రమాదకరంగా పరిగణించే 60 వోల్టుల డీసీకి కాస్త దిగువన ఉంటుంది. షాక్ కన్నా షార్ట్ సర్క్యూటే ఇక్కడ పెద్ద భయం. చేతి గాజు రెండు పట్టీల మధ్య పడితే వందల ఆంపియర్ల కరెంటు పారి క్షణంలో చెయ్యి కాలుతుంది. ఉంగరాలు, గాజులు, మెడలో వేలాడే గొలుసులు ఉండకూడదన్న నియమం తప్పనిసరి. కాని దాన్ని నోటీసు బోర్డు మీద అంటించి ఊరుకుంటే పని జరగదు. గాజులు, మంగళసూత్రం తీయడం వారికి మామూలు విషయం కాదు. ఎందుకు అవసరమో చూపించి, మెడను పూర్తిగా మూసే కోటు, మణికట్టు దాకా బిగుతుగా ఉండే ఇన్సులేటెడ్ తొడుగులు ఇచ్చి, వారిలో పెద్దవారితో ముందుగా మాట్లాడి ఒప్పించాలి. అన్నిటికన్నా మేలైన దారి, పట్టీలు బయటికి కనిపించే సమయాన్నే తగ్గించడం: వెల్డ్ అయిన మరుక్షణం ప్లాస్టిక్ మూత పడేలా స్టేషన్ల వరుస మార్చండి.

సంక్రాంతికి లైన్ ఖాళీ అవుతుందని అందరికీ తెలుసు, అయినా ఏటా అందరూ ఆశ్చర్యపోతారు. ఏ స్టేషన్‌కు ఎందరు శిక్షణ పొందినవారు ఉన్నారో చూపే పట్టికలో, ఒక్కో కీలక స్టేషన్‌కు షిఫ్ట్‌కు కనీసం ముగ్గురి పేర్లు డిసెంబరు లోపే నిండాలి.

మెట్టు మెట్టుగా

30 నుంచి ఒకేసారి 300కు దూకకండి. 75, 150, 225, 300 అని మెట్లు పెట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు షిఫ్ట్‌లలోనూ కనీసం రెండు వారాలు నిలబడాలి. పై మెట్టుకు వెళ్లాలా వద్దా అన్నది ముందే రాసుకున్న షరతులు నిర్ణయించాలి. నేనైతే మొదటిసారే సరిగ్గా వచ్చిన ప్యాక్‌లు నూటికి 95కు తగ్గకూడదనీ, ఏ స్టేషన్ సైకిల్ టైమూ (ఒక ప్యాక్ పనికి పట్టే సమయం) లక్ష్యం దాటకూడదనీ, తెరిచి ఉన్న భద్రతా సమస్య ఒక్కటీ ఉండకూడదనీ పెట్టుకుంటాను. పీపీఏపీ (కొనుగోలుదారు ఉత్పత్తికి ఆమోదం తెలిపే ప్రక్రియ) కోసం అడిగే వరుసగా 300 ముక్కల పరుగును మీ ఉత్తమ ఆపరేటర్లతో చేయించి చూపడం సులువే. దాన్ని మామూలు షిఫ్ట్ వాళ్లతో, మధ్యాహ్నం వేడిలో చేయించండి. సేల్స్ విభాగం నుంచి, యాజమాన్యం నుంచి ఒత్తిడి వస్తుంది. అప్పుడు మీ మాటకు బలం ఇచ్చేది ఆ షరతుల కాగితం మీద ముందే తీసుకున్న వారి సంతకాలే.

300 అందుకున్న తరువాత సాధారణంగా వచ్చే మొదటి కబురు, రెండో సరఫరాదారు నుంచి చవకగా సెల్‌లు దొరుకుతున్నాయన్నది. సైజు అదే 21700, వోల్టేజీ అదే, కాగితం మీద అన్నీ సమానమే. కాని సెల్ తల లోహపు మందం, నికెల్ పూత, ఎత్తులో వచ్చే తేడాలు వేరుగా ఉండవచ్చు. అవి వేరైతే వెల్డ్ సెట్టింగులు వేరు, ఫిక్స్చర్ వేళ్ల ఒత్తిడి వేరు, చల్లబరిచే ప్లేటుకు పేస్టు పరిమాణం కూడా వేరు. ఆ సెల్‌ను కొత్త ప్రాసెస్‌గా భావించి నమూనా వెల్డ్‌ల దగ్గర నుంచి లీక్ టెస్ట్ దాకా అన్నీ మళ్లీ చేయండి. రెండు రకాల సెల్‌లు ఒకే షిఫ్ట్‌లో, ఒకే ప్యాక్‌లో కలవకుండా ట్రేల రంగు, బార్‌కోడ్, యంత్రం అనుమతి మూడింటినీ వేరు చేయండి.